లక్క వేసిన తలుపు

నాన్నను ఉంచిన హోము మేనేజరమ్మ ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్ళండి" అందంటే అది కుశలం అడగడానికి పిలిచే పిలుపు కాదని కూతురికి ఎప్పుడో తెలిసిపోయింది. చేతిలో ఉన్న బీరువా తాళాన్ని అలాగే బల్ల మీద వదిలేసి, తాళాల కొట్టు షట్టరు సగం దించి, పక్క కొట్టు టైలరుకు కాస్త చూస్తూ ఉండమని చెప్పి బయల్దేరింది. దారి పొడుగునా ఒకటే మొక్కుకుంది, తలుపు తీశాడన్న మాట మాత్రం వినపడకూడదని. పడ్డాడన్నా, జ్వరమన్నా తట్టుకోగలదు. తలుపు తీశాడంటే మాత్రం ఇక ఆమె చేతిలో ఏమీ లేదు.

తీశాడు.

మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళను ఉంచుకునే హోము అది. లేత ఆకుపచ్చ గోడలు, ఫినాయిల్ వాసన, తుడిస్తే శుభ్రమయ్యే రెక్సిను కుర్చీలు. ఎవరి గది వాళ్ళు పోల్చుకోవడానికి తలుపులకు బొమ్మలు అంటించారు, ఒకదానికి గొడుగు, ఒకదానికి సైకిలు. నాన్న గది తలుపుకు తాళంచెవి బొమ్మ. ఆ బొమ్మ పెట్టిన మహానుభావులెవరో గానీ, దొంగకు టార్చిలైటు ఇచ్చినట్టు ఇచ్చారని ఆమె మొదటిరోజే అనుకుంది. ఆయన బతుకంతా తాళాలతోనే గడిచింది. కూతురి పేరు మరిచాడు, భార్య పోయిన సంగతి మరిచాడు, బట్టలు ఏది ముందు ఏది తరవాత తొడుక్కోవాలో మరిచాడు. వేళ్ళు మాత్రం ఏదీ మరవలేదు. ఒక తలపిన్ను దొరికితే చాలు, కన్నంలో పెట్టి, తల పక్కకు వాల్చి, లోపల ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు వినేవాడు. తరవాత టక్కుమనేది. హోములో అందరూ ఆయన్ని తాళాల తాత అనేవాళ్ళు.

అలా అని ఊరికే తీసే మనిషి కాదు. ఆయన వృత్తికి ఒక పద్ధతి ఉంది. ఇంటి యజమాని ఎదురుగా నిలబడి అడిగితేనే తాళం మీద చెయ్యి వేస్తాడు. ఆ పద్ధతే కొంప ముంచింది. పైగదిలో ఉండే టీచరమ్మ ఒకప్పుడు పెద్ద స్కూలుకు హెడ్‌మిస్ట్రెసు. ఎండ వాలగానే చంకన సంచీ పెట్టుకుని కిందికి దిగి, హోము వీధి తలుపు ముందు నిలబడి, ఇది నా ఇల్లు, తాళంచెవి ఎక్కడో పోయింది, ఏమోయ్ కాస్త తియ్యి అనేది. ఆయన చేతులు కట్టుకుని, ఇల్లు మీదేనా అమ్మగారూ అని అడిగేవాడు. నాది కాక నీదా అని ఆవిడ గద్దించేది. ఇంకేం కావాలి, యజమాని దొరికింది. పిన్ను కూడా ఆవిడ జడలోదే. వారం తిరక్కుండా ఆయనకు గిరాకీ పెరిగింది. సంచీలు, దుప్పట్లు, ఒక్కోసారి ఒంటి చెప్పు పట్టుకుని తలుపు ముందు నలుగురైదుగురు బారులు తీరేవాళ్ళు, అందరిదీ అదే ఇల్లు. అందరికీ ఓపిగ్గా తీసి పెట్టేవాడు.

హోము వాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. బయట గడియ పెడదామంటే అగ్నిమాపక నిబంధన ఒప్పుకోదు, నిప్పంటుకుంటే లోపలి నుంచి తెరుచుకోవాలి. అంకెలు నొక్కే తాళం పెట్టారు. ఆయనకు అంకెలతో పనేమిటి, చెంచా కాడతో మరలు విప్పేసి, తాళం మొత్తం ఊడదీసి, మరల్ని చిన్నవి ఒక పక్క పెద్దవి ఒక పక్క న్యూస్‌పేపరు మీద పేర్చి పెట్టాడు. ఆఖరికి కూతురే ముందుకొచ్చి, నేను పెడతాను చూడండి అని, తనకు వచ్చిన విద్యంతా పోసి ఒక తాళం చేసి బిగించింది. ఆయన మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చున్నాడు. టీ వేళకు తలుపు తెరుచుకుంది. ఎవరో మంచి పనివాడు చేశాడు అని ఆ తాళాన్ని ప్రేమగా తట్టాడట. ఆ మాట ఆయా చెప్పినప్పుడు ఆమెకు సంతోషంతో గుండె ఉప్పొంగింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఈసారి మాత్రం వ్యవహారం ముదిరిపోయింది. టీచరమ్మ గేటు కూడా దాటి నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళిపోయింది. లారీల మధ్య నిలబడి, చెయ్యి ఊపుతూ, వరసలో నిలబడమని వాటిని అదిలిస్తోందట. పంచరు కొట్టతను చూసి, దణ్ణం పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆవిడ కొడుకు ఊగిపోతూ వచ్చాడు. ఆ ముసలాయనన్నా ఉండాలి, మా అమ్మన్నా ఉండాలి అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి కూతురికి నోరు రాలేదు. తన అమ్మే అయితే తనూ అదే అనేది.

మేనేజరమ్మ చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది, తరవాత చెప్పవలసింది చెప్పింది.

"ఇంకొక్కసారి జరిగితే నా చేతుల్లో ఉండదమ్మా. మీరు తీసుకెళ్ళిపోవాలి. లేదంటే మాత్రలు. రెంటిలో ఏదో ఒకటి."

మాత్రలంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇంటి దగ్గరున్నప్పుడు ఒకసారి వేసి చూశారు. మనిషి చొంగ కార్చుకుంటూ మూలన ముడుచుకుపోయాడు, లేవబోయి పడ్డాడు, పక్క తడుపుకున్నాడు, నీళ్ళు మింగడం కూడా మరిచిపోయాడు. కళ్ళు తెరిచి ఉన్నా లోపల ఎవరూ లేరు. ఇంకో వారం అలాగే ఉంటే పోయేవాడని డాక్టరే భయపడి ఆపించాడు.

ఇంటికి తీసుకెళ్దామా అంటే, ఇంట్లో పెట్టుకుని చూసుకున్న రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది. తాళం వేసి కొట్టుకు వెళ్తే ఆయన తీసుకుని వీధిలో పడేవాడు, వీధిలో పిల్లలు ఇది మా ఇల్లే అంటే నమ్మి, ఇరుగుపొరుగు ఇళ్ళ తాళాలు పట్టపగలు తీసి వాకిళ్ళు బార్లా వదిలేసేవాడు. మొదట్లో నవ్వుకున్న వీధే తరవాత పోలీసుల్ని పిలుస్తామంది. కొట్టుకు తీసుకెళ్తే ఒకరి తాళంచెవులు ఇంకొకరికి ఇచ్చేవాడు. తాళాలు బాగుచేసే కొట్టు మీద నమ్మకం పోయాక ఇంకేం మిగులుతుంది? భర్త బస్సు డ్రైవరు, ఏ పూట ఏ రూటులో ఉంటాడో అతనికే తెలియదు. ఒకరోజు పెద్ద రోడ్డు మీద బైకు తగిలి ముసలాయన నుదురు చిట్లింది. రక్తం కారుతుంటే కూడా, కొట్టు తెరవాలి పదవే అన్నాడు. ఆ రోజే ఆమె చేతులెత్తేసింది. ఊళ్ళో ఉన్న మిగతా హోములన్నీ ఒకటే ప్రశ్న అడిగాయి, తిరుగుతాడా అని. తిరుగుతాడు అంటే తలుపు వేసేశాయి. ఇదొక్కటే తీసుకుంది. ఇది కూడా పోతే ఆయనకు రోడ్డో మాత్రలో, అంతే.

ఆమె ఆ గదిలోంచి బయటికొచ్చి వరండాలో నిలబడింది. నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు, గోరుతో తాళపు పలక అంచును తడుముతున్నాడు. ఆయన్ని ఆపేది ఇనుము కాదని ఆమెకు తెలుసు. ఈయన్ని జన్మలో ఏది ఆపింది అని ఆలోచించింది. అప్పుడు తట్టింది లక్క.

వాళ్ళ కొట్టులో తాతల నాటి ఆనవాయితీ అది. పెద్దవాళ్ళు పోయి, అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో బీరువా కోసమో గది కోసమో పోట్లాడుకున్నప్పుడు, దానికి తాళం వేసి ఇద్దరూ కలిసి కొట్టుకొచ్చేవాళ్ళు. తాళం కన్నం పక్కన కొవ్వొత్తి మీద కరిగించిన లక్క చుక్క వేసి, నాన్న బొటనవేలితో నొక్కేవాడు. ఇక ఆ తాళాన్ని ఇద్దరూ పక్కపక్కన నిలబడి అడిగితే తప్ప తియ్యకూడదు. ఒకళ్ళు చాటుగా వచ్చి కాళ్ళు పట్టుకున్నా, కన్నీళ్ళు పెట్టుకున్నా, బజారులో ఏ తాళాల పనివాడూ ముట్టుకునేవాడు కాదు. ఏడ్చే ఆడవాళ్ళను చూస్తే ఆయన మనసు కరిగేది గానీ చెయ్యి మాత్రం కదిలేది కాదు. ఆమెకు పని నేర్పినప్పుడు మొట్టమొదట నేర్పింది తీయడం కాదు, తీయకపోవడం.

మర్నాడు ఉదయం అందరూ ఫలహారాల దగ్గరున్నప్పుడు ఆమె లక్క కడ్డీ, కొవ్వొత్తి తెచ్చుకుని ఆ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కన్నం పక్కన ఎర్రటి చుక్క పడింది. బొటనవేలు పెట్టి నొక్కితే చురుక్కుమంది. తప్పు చేస్తున్నానేమో అన్న అనుమానం రాకపోలేదు. అనుమానపడే తీరిక ఆ వేళ ఆమెకు లేదు.

ఎండ వాలింది. టీచరమ్మ సంచీతో దిగింది, పిన్ను తీసి ఇచ్చింది. ఆయన వంగాడు. చుక్కను చూశాడు. వేలితో తడిమాడు. పిన్ను రెండు చేతులతో ఆవిడకు తిరిగి ఇచ్చేశాడు.

"లక్క పడిందమ్మగారూ. రెండో వాళ్ళు కూడా రావాలి."

ఆవిడ గద్దించింది, బెత్తం తెస్తానంది, ఆఖరికి కంటనీరు పెట్టుకుంది. ఆయన కదల్లేదు. ఆయాలు ముక్కున వేలేసుకున్నారు. మేనేజరమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుంది. ఎన్నో నెలల తరవాత ఆ పూట ఆమె కడుపునిండా తిని, భర్తతో నవ్వుతూ మాట్లాడింది. నాన్న చోటు నాన్నకు దక్కింది.

ఆ సంతోషం మూణ్ణాళ్ళ ముచ్చట అయింది. లక్క వేసిన తాళాన్ని ఎవరూ తియ్యకుండా చూడటం కూడా పనివాడి బాధ్యతే అన్న సంగతి ఆమె ఆలోచించలేదు. ఆయన ఒక కుర్చీ లాక్కొచ్చి తలుపు పక్కన వేసుకున్నాడు. ఆయాలు తమ దగ్గరున్న తాళంచెవితో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు కనపడట్లేదా, లక్క ఉంది అని కసిరాడు. వాళ్ళు వంటగది తలుపు గుండా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. తలుపు ముందు బారులు పోయాయి, టీచరమ్మ కూడా రావడం మానేసింది. జీతం లేని వాచ్‌మన్ దొరికాడని అందరూ నవ్వుకున్నారు.

తరవాత నవ్వు ఆగిపోయింది. ఆయన కుర్చీ దిగడం లేదు. భోజనానికి రమ్మంటే, నేను అటు పోగానే ఒకడొచ్చి బతిమాలి తీయించుకుంటాడు అనేవాడు. పళ్ళెం అక్కడికే తెచ్చారు. రెండు ముద్దలు తిని, పక్క కిటికీలోంచి గేటు వైపు చూస్తూ మిగతాది మరిచిపోయేవాడు. బాత్రూముకు లేవలేదు, కుర్చీలోనే అయిపోయేది. శుభ్రం చెయ్యడానికి ఇద్దరు పట్టుకుని లేపితే, నన్ను తప్పించి తలుపు తీద్దామనా అని పెనుగులాడేవాడు. పగలల్లా వేలాడేసిన కాళ్ళు నీరు పట్టి, చెప్పులు దూరనంతగా వాచిపోయాయి. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఎగాదిగా చూసి, మీరు ఒక్కరే వచ్చారా, రెండో వాళ్ళేరీ అని అడిగేవాడు. కూతుర్నీ అదే అడిగాడు. ఇదివరకు పేరు మరిచినా, తనవాళ్ళెవరో వచ్చారన్న వెలుగు ఆ ముఖంలో కనపడేది. ఇప్పుడు అది కూడా లేదు.

ఆమె మేనేజరమ్మ దగ్గరికి పరుగెత్తింది. లక్క గీకేస్తాను, ఆ కాళ్ళు చూడండి మేడమ్ అంది. గీకేస్తే మళ్ళీ తలుపు తీస్తారు కదా అంది మేనేజరమ్మ. తీస్తే ఏమవుతుందో మీకు చెప్పే ఉన్నాను కదా అంది. ఆ మాటల్లో కాఠిన్యం ఏమీ లేదు, అందుకే ఆమెకు కోప్పడే వీలు కూడా దొరకలేదు.

ఇంట్లో భర్త ఒక ఉపాయం చెప్పాడు. ఇద్దరం కలిసి వెళ్దాం, మేమే ఆ అన్నాచెల్లెళ్ళం, రాజీ పడ్డాం అని చెబుదాం, ఆయన మనసు కుదుటపడుతుంది అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"రాజీ అయిందంటే వెంటనే తాళం తీసి ఇస్తాడండీ. అది కూడా ఆయన పనే" అంది ఆమె.

ఎటు చూసినా గోడే. లక్క ఉంటే ఆయన ఆ కుర్చీలోనే పోతాడు. లక్క పోతే ఆ చోటే పోతుంది. ఆయన్ని ఆపడానికి ఆమెకు దొరికింది ఆయనలో మిగిలిన ఒకే ఒక్క మంచి గుణం. దాన్నే తీసుకెళ్ళి గడియలా బిగించింది. దొంగలు కూడా ఇంత పని చెయ్యరని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటే వాపు తగ్గలేదు.

ఆ వారం వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి ఆయన తల తలుపుకు ఆనించుకుని కునుకు తీస్తున్నాడు. ఒక చెయ్యి మాత్రం తాళం మీదే ఉంది. గడ్డం మాసింది. పక్కన స్టూలు మీద టీ చల్లారి మీగడ కట్టింది. ఆమె కింద కూర్చుని, వాచిన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"నాన్నా, నేను. లేచి రా, కాసేపు పడుకుందువుగాని."

"రెండో వాళ్ళు వచ్చారా?"

అబద్ధాలన్నీ అయిపోయాయి. ఆయన దగ్గర ఇక మిగిలింది ఆ తగాదా ఒక్కటే కాబట్టి, నిజమైన తగాదానే ఆయన ముందు పెడితే, ఎక్కడో ఏదో ఒక తలుపు తెరుచుకుని తనను గుర్తుపడతాడేమోనని ఆమెకు చివరి ఆశ పుట్టింది. అలా ఒక్క క్షణం గుర్తుపడితే చాలు, కూతురి మాట విని కుర్చీ దిగుతాడు.

"తగాదా ఎవరికో తెలుసా నీకు?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"ఒక తండ్రికీ కూతురికీ" అంది ఆమె. "ఆ తండ్రి ఇంటికి పోతానంటాడు. తీసుకెళ్ళాలని కూతురికీ ఉంది. దాని వల్ల కాలేదు. ఎంత చేసినా కాలేదు. అందుకని ఇక్కడ పెట్టి, బయటికి రాకుండా ఆ కూతురే లక్క వేసింది."

ఆయన శ్రద్ధగా విన్నాడు. కొట్టులో బల్ల వెనక కూర్చుని, తల పక్కకు వాల్చి, వచ్చినవాళ్ళ గోడు ఎలా వినేవాడో అచ్చం అలాగే విన్నాడు. ఆ ముఖం మీద ఏదో కదిలింది.

"ఆ కూతురు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. నేనే."

ఆయన ఆమెను పరికించి చూశాడు. కళ్ళలో జాలి నిండింది. ఏడుస్తూ కొట్టుకొచ్చిన పరాయి ఆడవాళ్ళ మీద చూపించే జాలే, ఆమె చిన్నప్పటి నుంచీ చూసిన జాలే. వంగలేక వంగి, ఒళ్ళోంచి తన పాదాన్ని మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

"లేమ్మా, కింద కూర్చోకు. నీ తప్పేం లేదులే" అన్నాడు. "కానీ నువ్వు ఒక్కదానివే అడిగితే నేను తియ్యలేను. మీ నాన్న కూడా రావాలి. వస్తాడా?"

తప్పేం లేదన్న మాట కోసం ఆమె ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూస్తోంది. వచ్చింది, వేరే మనిషి నోటి నుంచి.

"రాడండీ" అంది. నాన్నను అండీ అనడం ఆమెకు అదే మొదలు.

"అట్లా అనకు. ఎంత కోపమున్నా కూతురి కోసం రాని తండ్రి ఉంటాడా? దారిలో ఉండి ఉంటాడు" అన్నాడు ఆయన. వానలో గేటు వైపు ఒకసారి చూసి, కుర్చీ అంచుకు జరిగి, ఆమె కూర్చోవడానికి పక్కన కాస్త చోటు చేశాడు. "నువ్వు దిగులు పడకు. ఆయన వచ్చేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను."